కాశీ దారిలో ఒక దుబాసీ

కాశీకి వెళ్లాలనుకుంటే ఇవాళ మీరేం చేస్తారు? ఫోన్ తీసి రైలు టికెట్ బుక్ చేసుకుంటారు. సికింద్రాబాద్‌లో రైలెక్కితే రెండో రోజుకల్లా గంగ ఒడ్డున ఉంటారు. 1830లో ఆ మాట అనుకోవడానికే గుండె దిటవు కావాలి. మన దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు నడవడానికి ఇంకా 23 ఏళ్లుంది. దారిలో అడవులు, వంతెనల్లేని నదులు, దొంగల భయం, విషజ్వరాలు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మనవాళ్లు ఊరికే అనలేదు.

అలాంటి రోజుల్లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లి, పదిహేను నెలల తర్వాత క్షేమంగా తిరిగొచ్చినాయన ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన తెచ్చినది గంగాజలం, పుణ్యం మాత్రమే కాదు. రెండు శతాబ్దాల కిందటి మన ఊళ్లను, దారులను, మనుషులను కళ్లకు కట్టే ‘కాశీయాత్ర చరిత్ర’ ఆ ప్రయాణంలోనే పుట్టింది. పోటీ పరీక్షల కోసం చరిత్ర చదివేవాళ్లకు ఈ పేరు ఎక్కడో తగిలే ఉంటుంది. అయితే పుస్తకం పేరు, సంవత్సరం బట్టీపట్టి వదిలేస్తే ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన అసలు సంగతి చేజారిపోతుంది.

జీతం లేని కొలువు

వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి పోయారు. వెనక ఆస్తిపాస్తుల అండ లేదు. అప్పటి మద్రాసులో కంపెనీ కొలువులకు దారి ఇంగ్లీషు. దాన్ని పట్టుదలగా నేర్చుకున్నారు. పన్నెండేళ్లకే బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఆఫీసులో వాలంటీరుగా చేరారు. అంటే జీతం లేదు, పని మాత్రం ఉంది. ఇప్పటి మాటలో చెప్పాలంటే ఇంటర్న్‌షిప్ అన్నమాట. ఏడాది తిరగకుండానే తిరునల్వేలి కలెక్టరు దగ్గర దుబాసీ పని దొరికింది. మీరు ఎనిమిదో తరగతిలో ఉన్న వయసుకి ఆయన ఉద్యోగస్తుడు!

తర్వాత మద్రాసుకు తిరిగొచ్చి, లెక్కలు రాసే పనులు చేసి, చివరకు అక్కడి సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ స్థాయికి ఎదిగారు. ఆ పని ఎంత బరువైందో ఒక్కసారి ఆలోచించండి. బోనులో సాక్షి తెలుగులోనో అరవంలోనో చెబుతాడు. జడ్జికి వచ్చింది ఇంగ్లీషు. మధ్యలో నిలబడ్డ దుబాసీ ఒక్క మాట అటూ ఇటూ చేస్తే ఒకరి ఆస్తి పోవచ్చు, ఒకరి ప్రాణమే పోవచ్చు. చెవి పెట్టి వినాలి. విన్నదాన్ని పెంచకూడదు, తుంచకూడదు. అదీ ఆయన చేసిన ఉద్యోగం. ఈ అలవాటే కాశీ దారిలో ఆయనకు అక్కరకొచ్చింది.

పల్లకీ, డేరా, కాగితం

1830 మే 18న మద్రాసు నుంచి బయల్దేరేనాటికి ఆయన వయసు యాభై దగ్గర్లో ఉంది. కుటుంబం, పరిచారకులు, పల్లకీ మోసే బోయీలు, అందరూ కలిసి దాదాపు వందమంది. రాత్రి దిగడానికి డేరాలు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాద్. అక్కణ్నుంచి నాగపూర్, జబల్పూర్ దాటి ప్రయాగ. మే నెలలో బయల్దేరారు కాబట్టి వానాకాలమంతా దారిలోనే. కృష్ణ, గోదావరి, నర్మద అన్నీ దాటాల్సినవే. ఆ రోజుల్లో జబల్పూర్ చుట్టుపక్కల దారులకు థగ్గులనే హంతక ముఠాల పేరు చెబితే వణుకు. కంపెనీవాళ్లు వాళ్లను పట్టుకునే పని గట్టిగా మొదలుపెట్టిన కాలం అదే.

ఇంతమంది తిండి, నీళ్లు, భద్రత చూసుకునే మనిషికి సాయంత్రం మజిలీ చేరేసరికి ఒళ్లు హూనమవ్వాలి. అయినా ఆయన రాసేవారు. ఏ తేదీన ఏ ఊళ్లో దిగారు, ఎన్ని కోసులు నడిచారు, దారి ఇసుకా రాళ్లా, బావిలో నీళ్లు మంచివేనా, అంగట్లో ఏమేం దొరుకుతాయి, ఏ నాణెం చెల్లుతుంది, దిగడానికి సత్రం ఉందా లేదా.. ఇవన్నీ! కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై అనే మద్రాసు మిత్రుడికి ఆ వివరాలు ఉత్తరాలుగా వెళ్లేవి. తన వెనక ఇదే దారిన వచ్చేవాడికి ఏం తెలియాలో, సరిగ్గా అదే రాశారు.

భక్తి ఉంది, కళ్లూ తెరిచే ఉన్నాయి

ప్రయాగలో గంగా యమునా సంగమం, కాశీలో ఘాట్‌లు, గయలో ఫల్గుణీ తీరాన పితృకార్యాలు. ఈ మూడూ తీర్చుకుంటేనే అప్పటివాళ్ల లెక్కలో యాత్ర పూర్తయినట్టు. వీరాస్వామయ్య అన్నీ శ్రద్ధగా చేశారు. అయితే భక్తి పేరుతో కళ్లు మూసుకోలేదు. ప్రయాగ, గయ, పూరీ క్షేత్రాల్లో యాత్రికుల దగ్గర కంపెనీ ప్రభుత్వం పన్ను వసూలు చేసే కాలమది. శ్రీశైలంలో కర్నూలు నవాబు మనుషులు యాత్రికుల నుంచి డబ్బు గుంజుతారు కానీ గుడికి చేసే బాగు ఏమీ లేదని ఆయన గమనించి రాశారు. క్షేత్రాల్లో ఏ కార్యానికి ఎవరికి ఎంత ఇచ్చుకోవాలో కూడా రాసిపెట్టారు. స్థల పురాణం ఒకవైపు, ఖర్చు లెక్క ఇంకోవైపు. రెండూ ఒకే పుస్తకంలో ఒద్దికగా ఉంటాయి.

ఒక్కటి మీరు గుర్తుంచుకోవాలి. ఆయన కంపెనీ నీడలో ఎదిగిన ఉద్యోగి. ఇంగ్లీషువాళ్ల పాలన మీద ఆయనకున్న మంచి అభిప్రాయం ఇవాళ మనకు మింగుడుపడదు. చరిత్ర చదివేటప్పుడు రాసినవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడో కూడా చూడాలి. అలా చూస్తూ చదివితే ఆయన వివరాల విలువ తగ్గదు, మీ చదువు పదునెక్కుతుంది.

తిరుగుదారిలో పట్నా, కలకత్తా, పూరీ చూసుకుని శ్రీకాకుళం, రాజమండ్రి మీదుగా కోస్తా వెంట దిగొచ్చారు. 1831 సెప్టెంబర్ 3న మద్రాసు చేరారు.

చూసుకోలేకపోయిన పుస్తకం

1836లో వీరాస్వామయ్య కన్నుమూశారు. అప్పటికి ఆ రాతలు అచ్చు కాలేదు. శ్రీనివాస పిళ్లై వాటిని పోగుచేసి, కూర్చి 1838లో పుస్తకంగా తెచ్చారు. అంటే ఏ పుస్తకం వల్ల మనం ఆయన పేరు తలుచుకుంటున్నామో, దాన్ని ఆయన అచ్చులో చూడనే లేదు. ఆ స్నేహితుడు ఉత్తరాలను జాగ్రత్త చేసి ఉండకపోతే 1830 నాటి దారి మనకు ఇంత దగ్గరగా కనిపించేది కాదు. వందేళ్లు దాటాక, 1941లో దిగవల్లి వేంకటశివరావు దాన్ని వివరణలతో మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

ఆ పుస్తకంలోని తెలుగూ గమనించదగ్గదే. పండితులు గ్రాంథికం తప్ప రాయని కాలంలో, హిందుస్తానీ, అరవం, ఇంగ్లీషు మాటలు కలిసిన మద్రాసు ఆఫీసు తెలుగులో రాశారు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం ఉద్యమించడానికి సుమారు ఏడు దశాబ్దాల ముందు మాట ఇది. ఉద్యమం చేయాలని కాదు, మిత్రుడికి అర్థం కావాలని అలా రాశారు.

మరి మీకేంటి?

మీరు జర్నలిజం వైపు వెళ్లొచ్చు, సివిల్స్ రాయొచ్చు, సర్వే పనో, అనువాదమో, ట్రావెల్ వ్లాగో చేయొచ్చు. అన్నింటికీ కావాల్సింది ఒక్కటే. చూసిన రోజే, చూసింది చూసినట్టు రాసిపెట్టే అలవాటు. వీరాస్వామయ్య దాన్ని కాలేజీలో నేర్చుకోలేదు. జీతం లేని ఆఫీసులో మొదలుపెట్టి, కోర్టు హాల్లో నిలబడి నేర్చుకున్నారు.

ఈసారి బాసరకో, భద్రాచలానికో, రాజమండ్రి పుష్కరఘాట్‌కో వెళ్లినప్పుడు సెల్ఫీ దిగండి, తప్పులేదు. ఆ రాత్రి నిద్రపోయేముందు పది లైన్లు రాయండి. నది ఎలా ఉంది, బస్సు ఎంత తీసుకుంది, ఒడ్డున పూలమ్మే మనిషికి రోజుకెంత మిగులుతుంది, కొత్తగా వచ్చేవాడు ఎక్కడ మోసపోతాడు. రాశాక ఒక స్నేహితుడికి పంపండి. దాచిపెట్టే స్నేహితుడైతే మరీ మంచిది.