హాస్టల్ లేదంటే తామే పెట్టుకున్నారు!

పలాస, టెక్కలి నుంచి శ్రీకాకుళం వెళ్లే దారిలో నరసన్నపేట వస్తుంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1981 మే 9న కన్నుమూసింది ఆ ఊళ్లోనే.

ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ బంధం వద్దనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లొచ్చాక, ఇరవై దాటిన వయసులో మళ్లీ పుస్తకం పట్టి బెనారస్ మెట్రిక్ పాసయ్యారు. ఆంధ్రా యూనివర్సిటీలో బీఏకి వెళితే, అమ్మాయిలకు హాస్టల్ లేదు కాబట్టి సీటివ్వలేమన్నారు. ఆమె పేపర్లో ప్రకటన వేయించి, తనలాగే ఆగిపోయిన అమ్మాయిలను కూడగట్టారు. అందరూ కలిసి వసతి చూసుకున్నారు. సీటొచ్చింది! 1942లో మద్రాసులో లా పూర్తిచేసేసరికి ఆమె వయసు 33.

అక్కడ ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లకు హాస్టల్, మెట్రిక్ కోచింగ్ ఇచ్చింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు 1958 నుంచి అలాంటి కోర్సులను దేశమంతా నడిపింది.

బయోడేటాలో గ్యాప్ ఉందని దిగులా? ఆమె లెక్క చూడండి. ఉద్దానం జీడితోటల ఊళ్లో, కాలేజీ దూరమని చదువాపేసిన చెల్లి మీ ఇంట్లో ఉంటే, ముందు హాస్టల్ సంగతి కనుక్కోండి.