బైండింగ్ షాపు నుంచి ప్రయోగశాలకు – మైకేల్ ఫారడే

జాతరల్లో, పెద్ద సభల దగ్గర పోలీసులు మెటల్ డిటెక్టర్‌తో తనిఖీ చేయడం మనమందరం చూసిందే. ఆ పరికరంలో ముఖ్యమైనది గుండ్రంగా చుట్టిన రాగి తీగ. ఆ తీగచుట్ట పనిచేసే సూత్రాన్ని కనుగొన్నవాడు మైకేల్ ఫారడే. ఆయన కాలేజీ మెట్లెక్కని ఒక కమ్మరి కొడుకు.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ పక్కనున్న న్యూయింగ్టన్‌లో జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి పని చేసేవాడు కాని తరచూ జబ్బు పడేవాడు. కరువు రోజుల్లో పిల్లవాడికి ఇచ్చిన ఒక్క రొట్టె వారమంతా రావాల్సి వచ్చేదట. రాయడం, చదవడం, కొద్దిగా లెక్కలు మాత్రమే బడిలో నేర్చుకున్నాడు. 13వ ఏట రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. మరుసటి సంవత్సరం నుంచి ఏడేళ్లు అక్కడే బైండింగ్ నేర్చుకున్నాడు. పగలు పుస్తకాలు కుట్టేవాడు, తీరిక దొరికితే వాటినే చదివేవాడు. విద్యుత్తు గురించి ఒక విజ్ఞాన సర్వస్వంలో చదివి, మిగుల్చుకున్న చిల్లర డబ్బులతో చిన్న చిన్న ప్రయోగాలు చేశాడు.

1812లో షాపుకు వచ్చే ఒక పెద్దమనిషి ఇచ్చిన టికెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా సుమారు 300 పేజీలు రాసి, తానే బైండింగ్ చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో అక్కడే సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది.

అయితే ఉద్యోగంతోపాటు గౌరవం రాలేదు. అదే ఏడాది డేవీ దంపతులతో యూరప్ యాత్రకు వెళ్లినప్పుడు, డేవీ భార్య ఆయనను నౌకరుగానే చూసింది. భోజనం నౌకర్లతోనే చేయాల్సి వచ్చింది. పంక్తిలో వేరుగా కూర్చోవడమంటే ఏమిటో మన తాతలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఫారడే మనసు విరిగి ఇంటికి తిరిగి పోదామనుకున్నాడు. కాని నేర్చుకోవలసింది ఉందని ఆగాడు. రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఆయన పేరు వచ్చినప్పుడు అధ్యక్షుడైన డేవీయే అడ్డు చెప్పాడు. అయినా 1824లో ఫారడే ఎన్నికయ్యాడు.

1831 ఆగస్టు 29 ఆయన జీవితంలో గొప్ప రోజు. ఆరు అంగుళాల ఇనుప వలయానికి రెండు వైపులా రాగి తీగ చుట్టాడు. ఇప్పటిలా పూత పూసిన తీగ ఆయన వాడలేదు. చుట్టు చుట్టుకూ మధ్య పురి దారం, వరుసకూ వరుసకూ మధ్య నూలు గుడ్డ పెట్టి చుట్టాడు. బైండింగ్ షాపులో చేతికి అలవాటైన వస్తువులే అవి. ఒక వైపు తీగకు బ్యాటరీ కలిపిన క్షణంలో, తీసిన క్షణంలో రెండో వైపు తీగ దగ్గరున్న సూది కదిలింది. మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్తును పుట్టిస్తుందని తేలింది. జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు అన్నీ దీని మీదే నడుస్తున్నాయి.

మెటల్ డిటెక్టరూ ఇంతే. తీగచుట్టలో విద్యుత్తు మారుతూ ఉంటుంది. దగ్గరలో లోహం ఉంటే అందులోనూ విద్యుత్తు పుట్టి, తిరిగి తీగచుట్ట మీద ప్రభావం చూపుతుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలోని తూటాను వెదకడానికి గ్రాహంబెల్ ఇలాంటి పరికరాన్నే వాడాడు. పరుపులోని ఉక్కు తీగలు అడ్డుపడినందున ఫలితం రాలేదు.

సైన్స్ ఫెయిర్‌కు దీన్ని చేయదలచిన తమ్ముళ్లకు ఒక మాట. చెక్క మీద గుండ్రంగా మేకులు కొట్టి, ఎనామిల్ పూత ఉన్న తీగను లెక్క తప్పకుండా చుట్టండి. పూత గీసుకుపోతే చుట్లు ఒకదానికొకటి కలిసిపోతాయి. దారంతో బిగించి వార్నిష్ పూయండి, తీగ కదిలితే పరికరం ఊరికే మోగుతుంది. చుట్ట పెద్దదైతే లోతున ఉన్న పెద్ద వస్తువు తెలుస్తుంది కాని చిన్న నాణెం తప్పిపోతుంది.

ఫారడే 1867 ఆగస్టు 25న మరణించాడు. ఆయన చుట్టిన వలయం లండన్‌లో భద్రంగా ఉంది.

సిరిసిల్లలో కండెలు చుట్టే తల్లులు, కోరుట్ల, జగిత్యాలలో బీడీలు చుట్టే తల్లులు మనలో చాలామందిని కన్నవారు. ఆ చేతి పనిలోని ఓర్పు, లెక్క, శుభ్రత ప్రయోగశాలకు కూడా కావలసినవే. వాటిని చిన్నచూపు చూడవద్దు. ఫారడేకు కాలేజీ గడప దక్కలేదు. మన కొండగట్టు పక్కన నాచుపల్లిలోనే 2007లో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. ఆ గడప తొక్కడం మన వంతు.