గిరాకీ లెక్క చెప్పిన మార్షల్ గారు



మన గోడపత్రికలో దేశ నాయకుల కథలు, సైంటిస్టుల కథలు చాలా వచ్చాయి. ఈసారి నేను అర్థశాస్త్రం పంతులు గారి కథ రాస్తున్నాను. ఆయన పేరు ఆల్ఫ్రెడ్ మార్షల్. మనుషులు సరుకులు ఎందుకు కొంటారు, ఎంత కొంటారు, ధర పెరిగితే ఏం చేస్తారు అని విడమరిచి చెప్పిన మహానుభావుడు. ఇంటర్‌లో అర్థశాస్త్రం తీసుకున్న అక్కల పుస్తకాల్లో ఈయన పేరు ఉంటుంది.

మార్షల్ గారు 1842 జులై 26న ఇంగ్లండు దేశంలో లండన్ నగరంలో జన్మించారు. వాళ్ల నాన్న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండులో క్యాషియర్. చాలా కఠినమైన మనిషి. కొడుకు చర్చిలో ఫాదర్ కావాలని ఆయన పట్టుదల. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టి పాత భాషలు చదివించేవాడు. చదరంగం ఆడనిచ్చేవాడు కాదు. కానీ పిల్లవాడికి లెక్కలంటే ప్రాణం. ఆక్స్‌ఫర్డులో పాత భాషలు చదివే అవకాశం వచ్చినా అది వద్దని, లెక్కలు చదవడానికి కేంబ్రిడ్జి వెళ్లారు. నాన్న దగ్గర అంత డబ్బు లేదు. ఆస్ట్రేలియాలో సంపాదించుకున్న చార్లెస్ అనే దగ్గరి బంధువు సాయం చేశాడు. 1865లో జరిగిన లెక్కల పరీక్షలో మార్షల్ గారు యూనివర్సిటీ మొత్తం మీద రెండవ స్థానంలో వచ్చారు. అక్కడే ఆయనకు ఉద్యోగం కూడా దొరికింది.

ఇక హాయిగా లెక్కలు చెప్పుకుంటూ బతకవచ్చు గదా. కానీ ఆయన మనసు ఊరుకోలేదు. కొంతమంది ఎందుకు అంత బీదగా ఉంటారు, అది తప్పదా అనే ప్రశ్న ఆయనను పట్టుకుంది. సెలవులు ఇచ్చినప్పుడు పెద్ద పెద్ద పట్టణాలకు వెళ్లి, బాగా బీదవాళ్లు ఉండే వీధుల్లో నడిచేవారు. ఒక వీధి తర్వాత ఇంకో వీధి నడుస్తూ ఆ మనుషుల ముఖాలు చూసేవారు. అప్పుడే అర్థశాస్త్రం బాగా చదవాలని గట్టిగా అనుకున్నారు. ఒకసారి ఒక షాపులో చిన్న బొమ్మ కనపడింది. చిక్కిపోయి, దిగులుగా ఉన్న ఒక బీదవాడి ముఖం అది. కొద్దిపాటి షిల్లింగులు ఇచ్చి దాన్ని కొని, కాలేజీలో తన గదిలో పెట్టుకున్నారు. నేను ఎవరి కోసం చదువుతున్నానో మర్చిపోకూడదు అని ఆ బొమ్మ.

ఇప్పుడు ఆయన చెప్పిన సంగతులు రాస్తాను. భయపడకండి, కష్టం కాదు.

మొదటిది. ఒక వస్తువు మన దగ్గర పెరిగేకొద్దీ, ఇంకొకటి కావాలనే ఆశ తగ్గుతుంది. దీనికి ఆయన ఒక పిల్లవాడిని చూపించారు. ఆ పిల్లవాడు పొదల్లో బ్లాక్‌బెర్రీ పండ్లు కోసుకుని తింటున్నాడు. మొదట చాలా రుచి. కోసే కష్టం కూడా తెలియదు. తినగా తినగా ఆశ తగ్గుతుంది, చేతులకు అలుపు వస్తుంది. ఇంకో పండు రుచి, ఇంకో పండు కష్టం సమానమైన చోట వాడు ఆపేస్తాడు. మనం తునికి పండ్లకు అడవికి పోతే అంతే గదా! కడుపు నిండాక చెట్టు నిండా పండ్లున్నా ఎక్కబుద్ధి కాదు. దీన్నే పుస్తకాల్లో క్షీణోపాంత ప్రయోజన సూత్రం అంటారు. పేరే పెద్దది, సంగతి చిన్నదే. అందుకే ధర తగ్గితేనే మనం ఇంకొంచెం ఎక్కువ కొంటాం. ధర పెరిగితే తగ్గిస్తాం.

రెండవది. ధర మారితే అన్ని వస్తువుల గిరాకీ ఒకేలాగ మారదు. ఉప్పు చూడండి. ఉప్పు ధర సగమైందని ఎవరూ కూరలో రెండింతలు వేయరు. ధర పెరిగిందని చప్పిడి కూర కూడా తినరు. కానీ మిఠాయి ధర పెరిగితే కొనడం మానేస్తాం. ఇలా ధరకు తగ్గట్టు గిరాకీ సాగడం, సాగకపోవడాన్ని డిమాండు వ్యాకోచత్వం అంటారు. 1881లో జబ్బు చేసి మార్షల్ గారు విశ్రాంతికి ఇటలీ వెళ్లారు. అక్కడ పలెర్మో ఊరిలో మేడ మీద కూర్చుని రాసుకుంటూ ఉండగా ఈ ఆలోచన కుదిరిందట.

మూడవది. మనం ఇచ్చిన ధర కంటే మనకు దక్కిన మేలు ఎక్కువగా ఉండవచ్చు. దీనికి ఆయన టీ పొడి లెక్క చెప్పారు. ఒకాయన టీ పొడి ధర 20 షిల్లింగులు ఉన్నా సంవత్సరానికి ఒక పౌను కొంటాడు. రెండో పౌనుకు 14, మూడో దానికి 10, తర్వాత 6, 4, 3, ఏడో పౌనుకు 2 షిల్లింగులు ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. అన్నీ కలిపితే 59. కానీ బజారులో ధర 2 షిల్లింగులే. ఏడు పౌన్లకు 14 ఇస్తే సరిపోయింది. మిగిలిన 45 షిల్లింగుల మేలు అతనికే. దీని పేరు వినియోగదారుని మిగులు.

మరి ధరను ఎవరు నిర్ణయిస్తారు? కొనేవాళ్ల ఆశా, తయారుచేసే ఖర్చా? దీని మీద పండితులు దెబ్బలాడుకునేవారు. మార్షల్ గారు కత్తెరను చూపించారు. కత్తెరలో కాగితాన్ని కోసేది పైరేకా, కిందిరేకా అని ఎవరైనా అడుగుతారా? రెండూ కలిస్తేనే తెగుతుంది. గిరాకీ, సరఫరా కూడా అంతే.

అన్నింటిలో నాకు బాగా నచ్చింది గుమాస్తాల సంగతి. ఇద్దరు గుమాస్తాలు ఉన్నారు. ఒకరి జీతం సంవత్సరానికి 100 పౌన్లు, ఇంకొకరిది 300 పౌన్లు. వాన పడుతోంది. బండి ఎక్కితే డబ్బులు ఇవ్వాలి. పెద్ద జీతం ఆయన కొద్ది వానకే బండి ఎక్కుతాడు. చిన్న జీతం ఆయన పెద్ద వానలో కూడా తడుస్తూ నడుస్తాడు. వాన అంటే ఇష్టమై కాదు. ఆ డబ్బులు అతనికి ఎక్కువ బరువు. అంటే ఒక రూపాయి అందరి చేతిలో ఒకే బరువు ఉండదు. సంతలో ఒక వస్తువును చూసి ఎవరైనా కొనకుండా వెళ్లిపోతే, వాళ్లకు ఇష్టం లేదని మనం అనకూడదు. గిరాకీ అంటే ఆశ ఒక్కటే కాదు, చేతిలో డబ్బులు కూడా ఉండాలి.

ఇంకో వింత సంగతి కూడా ఆయన రాశారు. ఇది రాబర్ట్ గిఫెన్ అనే ఆయన చెప్పిందని పేరు పెట్టి మరీ రాశారు. రొట్టె ధర పెరిగితే బాగా బీదవాళ్లు రొట్టె తగ్గించరు, ఇంకా ఎక్కువ తింటారు. ఎందుకంటారా? రొట్టెకే డబ్బులన్నీ అయిపోతే మాంసం కొనలేరు. ఆ ఆకలి కూడా రొట్టెతోనే తీర్చుకోవాలి. ధర పెరిగితే గిరాకీ తగ్గాలి గదా, ఇక్కడ తిరగబడింది. బీదవాళ్ల ఇల్లు తెలిసినవాళ్లకే ఇది అర్థమవుతుంది.

ఇవన్నీ 1890లో అర్థశాస్త్ర సూత్రాలు అనే పెద్ద పుస్తకంగా వచ్చాయి. రొట్టె సంగతి 1895లో చేర్చారు. దిద్దుతూ దిద్దుతూ 1920 వరకు ఎనిమిది సార్లు అచ్చు వేయించారు. 1885 నుండి 1908 వరకు ఆయన కేంబ్రిడ్జిలో ప్రొఫెసర్. తర్వాత ప్రపంచమంతా పేరు పొందిన కీన్స్ గారు ఈయన శిష్యుడే.

ఆయన భార్య గురించి రాయకపోతే ఈ కథ సగమే. ఆమె పేరు మేరీ పేలీ. కేంబ్రిడ్జిలో ఆడపిల్లల కోసం 1871లో మొదలుపెట్టిన హాస్టలులో మొదట చేరిన ఐదుగురిలో ఒకరు. అదే తర్వాత న్యూన్‌హామ్ కాలేజీ అయింది. ఆమె 1874లో మగవాళ్లు రాసే పరీక్షే రాశారు. బాగా రాశారు. కానీ ఆడవాళ్లకు డిగ్రీ ఇవ్వరు కాబట్టి ఇవ్వలేదు. తర్వాత ఆమె కూడా పాఠాలు చెప్పారు. 1877లో వారి పెళ్లి జరిగింది. పెళ్లి చేసుకుంటే ఆ పదవిలో ఉండకూడదని రూలు. అందుకని మార్షల్ గారు కేంబ్రిడ్జి వదిలి బ్రిస్టల్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వెళ్లారు. 1879లో ఇద్దరూ కలిసి ఒక పుస్తకం రాశారు.

అంత చదువుకున్న భార్య ఇంట్లో ఉన్నా, కేంబ్రిడ్జిలో ఆడవాళ్లకు డిగ్రీలు ఇవ్వాలా వద్దా అనే మాట వచ్చినప్పుడు మార్షల్ గారు వద్దు అన్నవాళ్ల వైపే ఉన్నారు. 1897లో ఓట్లు పెడితే ఆడవాళ్లు ఓడిపోయారు. ఇది చదివి నాకు చాలా బాధ కలిగింది. వానలో నడిచే గుమాస్తా మనసు తెలిసిన మనిషికి, తన ఇంట్లో మనిషి ఆశ ఎందుకు లెక్కలోకి రాలేదు? డిగ్రీకి బజారులో ధర ఉండదు. ధర లేని ఆశ ఎంత పెద్దదో ఆ లెక్కలో కనపడలేదేమో అని నాకు అనిపిస్తుంది.

1924 జులై 13న మార్షల్ గారు మరణించారు. ఆయన పుస్తకాలతో పెట్టిన లైబ్రరీలో మేరీ గారు చాలా ఏళ్లు పనిచేశారు. ముసలితనంలో కూడా సైకిలు మీద వచ్చేవారు. ఆమె 1944లో చనిపోయారు. కేంబ్రిడ్జి ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా డిగ్రీలు ఇచ్చింది 1948లో. నాలుగేళ్లు ముందే ఇచ్చి ఉంటే ఆమె చూసుకునేవారు.

స్నేహితులారా, మార్షల్ గారు చెప్పిన మంచి మనం నేర్చుకుందాం. కొనేముందు ఇది ఎంత కావాలి, ఎక్కడ ఆపాలి అని ఆలోచిద్దాం. కొనలేని వాళ్లను చూసి నవ్వొద్దు. ఆయన వద్దన్న డిగ్రీని మాత్రం మనం తప్పకుండా తెచ్చుకుందాం.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి