జేన్ ఆస్టెన్ – పాఠకుల తీర్పులు

ఆంగ్లదేశమున నవలకు ఇంకను తగిన గౌరవము లభింపని దినములవి. పెద్దలు నవలాపఠనమును వృథా కాలక్షేపమని నిరసించుచుండిరి. చదువువారు సైతము ఆ మాట పైకి చెప్పుకొనుటకు సంకోచించుచుండిరి. అట్టి కాలమున నవలలను సంతోషముతో చదివి, వానిని గూర్చి నిస్సంకోచముగా ముచ్చటించుకొను కుటుంబమొకటి హాంప్‌షైరు మండలములోని స్టీవెంటన్ గ్రామమున నుండెను. ఆ యింట 1775 డిసెంబరు 16వ తేదీన జేన్ ఆస్టెన్ జన్మించెను.

తండ్రి జార్జి ఆస్టెన్ ఆ గ్రామపు చర్చిలో మతాచార్యుడు. ఆయన ధనికుడు కాకున్నను, ఇంట దాదాపు 500 గ్రంథములుండెను. జేన్ పాఠశాలలో గడపిన కాలము స్వల్పము. తండ్రి గ్రంథాలయమే ఆమెకు విద్యాలయమయ్యెను. 1796లో ఫానీ బర్నీ రచించిన ‘కమిల్లా’ వెలువడినపుడు, ముందుగా చందా చెల్లించినవారి పట్టికలో జేన్ పేరును కలదు. తాను చదివిన నవలల మంచిచెడ్డలను అక్క కసాండ్రాకు లేఖలలో వ్రాయుచుండెను. ఆనాటి భయానక నవలలలోని అతిశయోక్తులకు నవ్వుకొనినను, నవలాకారులే నవలను చులకన చేయుట తగదని ‘నార్తాంగర్ అబ్బే’లో గట్టిగా వాదించెను.

రచయిత్రిగా ఆమె మార్గము సుగమము కాలేదు. 1797లో ఆమె నవలనొకదానిని గూర్చి తండ్రి లండనులోని ప్రచురణకర్తకు వ్రాయగా, అతడు వ్రాతప్రతిని చూడకయే నిరాకరించెను. 1803లో మరియొకరు ‘నార్తాంగర్ అబ్బే’ తొలిప్రతిని 10 పౌనులకు కొని, ముద్రింపక మూలబెట్టెను. 1805లో తండ్రి మరణించెను. తల్లితోను అక్కతోను కొన్నాళ్లు అనేక స్థలములలో గడపి, 1809లో సోదరుడు ఎడ్వర్డు చాటన్ గ్రామమున ఇచ్చిన యింట జేన్ స్థిరపడెను. 1811లో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’, 1813లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ వెలువడెను. వానిపై ఆమె పేరు లేదు.

1814లో ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ ప్రకటితమైనపుడు పత్రికలు దానిని విమర్శింపలేదు. అపుడు జేన్ బంధుమిత్రులు ఆ నవలను గూర్చి పలికిన మాటలను సేకరించి స్వహస్తముతో వ్రాసికొనెను. 1815 డిసెంబరులో ‘ఎమ్మా’ వెలువడిన పిమ్మటను అట్లే చేసెను. ప్రశంసలను మాత్రమే ఏరుకొనలేదు. కథానాయిక ఫానీ చప్పగా నున్నదని కన్నతల్లి అనిన మాటయు ఆ పత్రములలో నున్నది. తొలి రెండు నవలలు వట్టి అర్థరహితములని చెప్పి, మూడవదాని ప్రథమ సంపుటము ముగియగానే కష్టము గట్టెక్కినదని సంతసించిన స్త్రీ అభిప్రాయమును ఉన్నది. ‘ఎమ్మా’ మరీ సహజముగా నుండుటచే రుచింపలేదని ఒకామె పలికెను. మొదటి ప్రకరణమును తుది ప్రకరణమును మాత్రమే చదివి విడిచినవాడొకడు. ఎడిన్‌బరో రివ్యూ సంపాదకుడు జెఫ్రీ ఆ నవలకై మూడు రాత్రులు మేల్కొనెనను వార్తయు వీని సరసనే చేరినది.

ఇన్ని తీర్పులు వినినను ఆమె తన మార్గమును విడువలేదు. రాజకుటుంబ చరిత్రను నవలగా రచింపుమని యువరాజు గ్రంథపాలకుడు సూచింపగా, అది తనకు చేతగాని పనియని వినయముతో తిరస్కరించెను. తరువాత నలువురి సలహాలను కలిపి, ఆదర్శ నవల యెట్లుండునో హాస్యముగా ఒక ప్రణాళిక వ్రాసి, ఏ సలహా ఎవరిదో అంచున గుర్తించెను.

1817 జులై 18వ తేదీన, 41వ యేట, వించెస్టరు నగరమున ఆమె మరణించెను. అచటి మహాలయములోని సమాధి శిలపై ఆమె సుగుణములు చెక్కబడినవి కాని, నవలల ప్రసక్తి లేదు. ఆ సంవత్సరాంతమున వెలువడిన ‘నార్తాంగర్ అబ్బే’, ‘పర్సుయేషన్’ నవలలతోనే సోదరుడు హెన్రీ ఆమె పేరును లోకమునకు తెలిపెను.

ఆమె వ్రాసికొనిన పాఠకాభిప్రాయములు నేటికిని బ్రిటిష్ లైబ్రరీలో భద్రముగా నున్నవి. పాఠ్యగ్రంథము తనకు రుచింపలేదని చెప్పుటకు జంకు విద్యార్థియు, ఆ మాట వినినంతనే కినియు గురువును ఆ పత్రముల నొకసారి తలచుకొనదగును. విసుగు చెందిన పాఠకుని మాటను సైతము అక్షరము తప్పక వ్రాసికొనినది స్వయముగా ఆ గ్రంథకర్త్రియే కదా!