దొంతర నేర్పిన పొదుపు: అలన్ ట్యూరింగ్ జీవితం

గణన యంత్ర విజ్ఞానానికి పునాది వేసిన మేధావులలో అలన్ మాథిసన్ ట్యూరింగ్ అగ్రగణ్యుడు. యుద్ధకాలంలో శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించినవాడుగా అతని పేరు లోకానికి సుపరిచితం. అంతగా ప్రచారం పొందని అతని మరొక ఘనకార్యాన్ని విద్యార్థుల దృష్టికి తేవలెనని మేము ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండనులో జన్మించినాడు. తండ్రి జూలియస్ మద్రాసు రాజధానిలో ఐ.సి.ఎస్. అధికారి, మాతామహుడు మద్రాసు రైల్వేలో ప్రధాన ఇంజనీరు. తండ్రి గంజాం జిల్లా ఛత్రపురంలో పనిచేయుచున్న రోజులలోనే తల్లి గర్భవతి అయినది. తల్లిదండ్రుల జీవితం మన దేశంలో సాగుచుండగా బాలుడు ఇంగ్లాండులో పరుల ఇంట పెరిగినాడు.

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చేరి గణితం అభ్యసించినాడు. గణనకు లొంగే ఏ సమస్యనైనా, ఆదేశాలు మార్చినంత మాత్రాన ఒకే యంత్రం సాధింపగలదని 1936లో సిద్ధాంతరీత్యా నిరూపించినాడు. 1939 నుండి బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా సంకేతాలను ఛేదించుటలో ప్రముఖ పాత్ర వహించినాడు.

1945లో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో చేరి, ఏ.సి.ఇ. అనే గణన యంత్రానికి సమగ్ర ప్రణాళిక రచించినాడు. ఆ కాలపు అమెరికా యంత్రమైన ఎనియాక్‌లో సుమారు 18,000 వాల్వులుండేవి. దానికి దాదాపు 150 కిలోవాట్ల విద్యుత్తు కావలసివచ్చేది. పరికరాలను పెంచుటకన్న ఆలోచనతో పని సాధించుట మేలని ట్యూరింగ్ నమ్మినాడు. యంత్రం ఒక పని మధ్యలో మరొక చిన్న పనికి పోవలసివస్తే, తిరిగి ఎక్కడికి రావలెనో దానికి గుర్తుండవలె. అందుకు అతడు చూపిన ఉపాయం మన ఇండ్లలోని కంచాల దొంతర వంటిది. తిరిగి రావలసిన చోటును దొంతరపై పెట్టవలె. చిన్న పని ముగియగానే పైదానినే తీయవలె. చివర పెట్టినది మొదట వస్తుంది. వెదకులాట లేదు, అడుగున ఉన్నవాటిని కదల్చనక్కరలేదు, పై అంచు ఎక్కడున్నదో తెలిపే ఒక్క అంకె చాలును. నేటి విద్యార్థులు స్టాక్ అని చదువుచున్నది దీనినే.

యంత్ర నిర్మాణం మందగించుటచే విసిగి, 1948లో ట్యూరింగ్ మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయినాడు. వెయ్యిలోపు వాల్వులతో నిర్మించిన ఏ.సి.ఇ. నమూనా 1950 మే 10న తొలిసారి పనిచేసి, ఆనాటి మిక్కిలి వేగవంతమైన యంత్రాలలో ఒకటిగా నిలిచినది. అతని నివేదిక మాత్రం చాలకాలం అచ్చుకు నోచుకోలేదు. దొంతర పద్ధతిని ఇతరులు మళ్ళీ స్వయంగా కనుగొనవలసివచ్చినది.

1952లో, సలింగ సంబంధాన్ని నేరంగా ఎంచిన ఆనాటి చట్టం క్రింద అతనికి శిక్ష పడినది. కారాగారానికి బదులు హార్మోను చికిత్సకు లోబడవలసివచ్చినది. దేశ రహస్యాలను కాపాడినవానిని ఆ రహస్యాలకే దూరం చేసినారు. 1954 జూన్ 7న సైనైడు విషంతో మరణించినాడు; ఆత్మహత్య అని విచారణ తేల్చినది. అప్పటికి అతని వయస్సు 41 సంవత్సరాలు. రాజక్షమ లభించుటకు 2013 వరకు కాలం పట్టినది.

అతని ఉపాయం నేడు ప్రతివాని జేబులోను ఉన్నది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటిది కెర్నెల్. లినక్స్ కెర్నెల్, నిర్ణీత క్షణాన మేల్కొలుపవలసిన పనులను కాలక్రమంలో వృక్షం వంటి అమరికలో ఉంచుతుంది. అన్నింటికన్న ముందుదానిని మాత్రం చూచి, చేయవలసిన పని లేనప్పుడు అంతవరకు ప్రాసెసరును నిద్రపుచ్చుతుంది. పని మధ్యలో వేరొక పిలుపు వస్తే, చేయుచున్న దాని ఆనవాలును స్టాక్‌పై పెట్టి, పిలుపు తీర్చి, తిరిగి వస్తుంది. అమరిక చెడినచో వెదకులాటలోనే బ్యాటరీ కరగిపోవును. ట్యూరింగ్ బ్యాటరీ పొదుపును ఉద్దేశించినవాడు కాడు. కాని క్రమమున్నచోట శ్రమ తగ్గును, శ్రమ తగ్గినచోట విద్యుత్తు మిగులును.

పరికరాలు చాలవని నిరుత్సాహపడే విద్యార్థులు ఈ జీవితాన్ని శ్రద్ధగా చదువవలెనని మా కోరిక. ఉన్న కొద్దిపాటిని క్రమంగా పేర్చుకొనుట కూడ ఒక విద్యయే. ఆ విద్య నేర్పినవానిని అతని కాలం ఎట్లు చూచినదో కూడ మనం మరువరాదు.