మన్యములోని యుద్ధవిద్య: అల్లూరి సీతారామరాజు

కొండలలో, అడవులలో పోరాడుటకు సైన్యములు కమాండోలకు ప్రత్యేకమైన తర్ఫీదు నిచ్చును. రాత్రి నడక, పొంచియుండు ఓర్పు, తప్పని గురి అందు ముఖ్యములు. గ్రాంట్ రోడ్డు, కామాటిపురా చాళ్లలో పెరుగుచున్న మన పిల్లలు అట్టివారిని గణతంత్ర దినోత్సవపు కవాతులో చూచి మురిసిపోవుదురు. అట్టి విద్యతోనే నూరేండ్లకు పూర్వము తెలుగు మన్యమున పోరు నడిపిన యొక యువకుని చరిత్రమును వారికి చెప్పదలచితిమి. 1974లో వెలువడిన చలనచిత్రము వలన పెద్దలు సీతారామరాజు నెరుగుదురు. చిత్రమున పాటలు గుర్తుండును గాని పోరాటపు పద్ధతి గుర్తుండదు.

ఆయన 1897 జూలై 4న పాండ్రంగిలో జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. చదువు పలు ఊళ్లు మారి మధ్యలో ఆగెను. ఉత్తరదేశ యాత్రల పిమ్మట 1917లో కృష్ణదేవిపేట చేరి, సన్న్యాసివలె నుండి, గిరిజనులకు వైద్యము చేయుచు, మద్యము మాన్పించి, తగవులను పంచాయతీలలో తీర్చుకొనుట నేర్పెను.

1882 నాటి అడవి చట్టము వారి పోడు సేద్యమున కడ్డుపడెను. ఆపై గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియను చాలీచాలని కూలికి వారిచే బాట పని చేయించెను. గాము గంటందొర, మల్లుదొర సోదరులు మొదలగువారు రాజు వెంట నిలిచిరి.

వారికి విల్లు తెలియును, అడవిదారులు తెలియును. తుపాకులు మాత్రము లేవు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా పడి 26 తుపాకులను సంపాదించిరి. మూడు దినములలో మూడు ఠాణాలు! ఆ కొండదారుల దూరము నెంచినచో నడకయే యొక తర్ఫీదని తోచును.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగినది మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలుపును. పోలీసు దళము ఇరుకు దారిని వచ్చుచుండెను. పొదలలో నున్నవారు ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చిరి. వెనుక వచ్చిన ఆంగ్లాధికారులు కవర్డు, హైటరు కంటబడిన పిదపనే కాల్చిరి, ఇరువురును కూలిరి. శత్రువు చేరువలో నడచిపోవుచుండగా వ్రేలు కదల్పకుండుట కాల్చుటకంటె కష్టము. ఆ నిగ్రహము ఒక్కనాటిలో అలవడునది కాదు.

ప్రభుత్వమును నేర్చుకొనెను. 1921లో ఏర్పడిన మలబారు ప్రత్యేక పోలీసు దళమును దింపెను. డిసెంబరు 6న పెద్దగడ్డిపాలెము వద్ద రాజు పక్షమున పలువురు మడిసిరి. అచట పొలములలో ఎదురుపడి పోరుటయే పొరపాటని మా తలంపు. అడవి విడిచినచో ఆ విద్య సగమగును. 1924లో కొండపోరున ఆరితేరిన అస్సాం రైఫిల్సు వచ్చెను. అన్నము పెట్టిన పల్లెలను అధికారులు బాధించిరి. తూటాలు తరిగెను, తిండి కరవయ్యెను. ఎంతటి తర్ఫీదైనను వీనికి బదులు కాజాలదు.

1924 మే 7న మంప వద్ద రాజు పట్టుబడెను. విచారణ లేకయే కొయ్యూరులో ఆయనను కాల్చి చంపిరి. గంటందొర జూన్‌లో పోరాడుచు మరణించెను. అంతకుముందే పట్టుబడిన మల్లుదొరకు విధించిన ఉరిశిక్ష ద్వీపాంతరవాసముగా మారెను. ఆయన బ్రతికి వచ్చి, 1952లో విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికయ్యెను.