డాక్టర్ పాల్ బ్రాండ్

అరకులోయను చుట్టి నిలిచిన తూర్పు కనుమలు విడివిడి కొండల వరుసలుగా దక్షిణానికి సాగి తమిళనాడులో ప్రవేశిస్తాయి. అక్కడి కొల్లిమలైపై, గిరిజనుల నడుమ, 1914 జూలై 17న పాల్ బ్రాండ్ జన్మించారు. తల్లిదండ్రులు జెస్సీ, ఎవిలిన్ ఆంగ్ల మిషనరీలు. తండ్రి కొండవాసులకు మందులిచ్చేవారు, పుండ్లు కడిగి కట్టుకట్టేవారు. చీమూనెత్తురూ చూసి బాలునికి వైద్యమంటేనే ఏవగింపు కలిగింది. తొమ్మిదవ యేట చదువుకోసం ఇంగ్లండుకు వెళ్లిన పాల్ తండ్రిని మళ్లీ చూడలేదు. 1929లో మలేరియా విషమించి జెస్సీ మరణించారు. తల్లి మాత్రం తొంభై ఏళ్లు దాటినా గిరిజనసేవలోనే గడిపారు.

వైద్యం చదవడం ఇష్టంలేక పాల్ వడ్రంగం, తాపీపని నేర్చుకున్నారు. కొన్నేళ్ల తరువాత మనసు మారి లండన్‌లో వైద్యవిద్య అభ్యసించి శస్త్రవైద్యులయ్యారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరారు. చిత్తూరు సరిహద్దున ఉన్న ఆ రాయవేలూరు తెలుగు రోగులకు నాడూ నేడూ పరిచితమైన ఊరే.

చెంగల్పట్టు కుష్ఠురోగుల ఆశ్రమాన్ని చూడవలసిందిగా డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ ఆయనను ఆహ్వానించారు. అక్కడ వేళ్లు కొంకర్లుపోయిన ఒక రోగితో బ్రాండ్ కరచాలనం చేశారు. ఆ పట్టు బలానికి ఆయన చేయి నొప్పిపెట్టింది. నిర్జీవమనుకున్న చేతిలో ఇంత శక్తి ఎక్కడిది? ఆ ప్రశ్నే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

కుష్ఠు కేవలం చర్మవ్యాధి అని లోకం నమ్మేది. వాస్తవానికి ఆ క్రిములు నాడులను ఆశ్రయిస్తాయి. మోచేయి, మణికట్టు, మోకాలు, చీలమండ వద్ద నాడులు చర్మానికి దగ్గరగా, చల్లగా ఉంటాయి. వాపు అక్కడే అధికమని బ్రాండ్ బృందం గుర్తించింది. అంతకు పైభాగంలోనే నాడీశాఖలు అందుకునే ముంజేతి కండరాలు చెక్కుచెదరవు. అట్టి కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు వంటి స్నాయుబంధనాన్ని విడదీసి, దారి మళ్లించి, చచ్చుబడిన వేళ్లకు కలిపితే అవి మళ్లీ కదులుతాయి. 1940ల చివర ఆయన ఈ చికిత్స ఆరంభించారు. కత్తి పని ముగిసినంతమాత్రాన చేయి బాగుపడదు. పాత కండరం చేత కొత్త పని చేయించడం మెదడుకు అలవడే వరకు రోగి వారాల తరబడి సాధన చేయాలి.

బాగుపడిన చేతులకు మళ్లీ గాయాలు కాసాగాయి. ఇదెందుకో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. ఒకనాడు తుప్పుపట్టిన తాళాన్ని ఒక బాలుడు బలంగా తిప్పి తెరిచాడు. వేలు ఎముక కనబడేలా తెగినా అతడికి తెలియలేదు. నిద్రలో ఎలుకలు కొరికినా కొందరికి మెలకువ రాలేదు. వారి పడకల వద్దకు పిల్లులను చేర్చవలసివచ్చింది. కుష్ఠువల్ల వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోవు. నొప్పి తెలియనందున గాయం మీద గాయమై అరిగిపోతాయి. ఆ మాట తేలిన తరువాత వడ్రంగి అనుభవం అక్కరకు వచ్చింది. పనిముట్లకు చేతికి ఒత్తుకోని పిడులు, పాదాలకు మెత్తని రబ్బరు చెప్పులు తయారయ్యాయి. డాప్సోన్ వంటి మందులు క్రిములను చంపగలవు గాని, చచ్చిన నాడిని బ్రతికించలేవు. కనుక ఈ జాగ్రత్తలే రోగికి శరణ్యం.

ఒకసారి ఇంగ్లండులో ప్రయాణపు బడలికతో ఉన్న బ్రాండ్ తన మడమకు స్పర్శ లేదని గమనించారు. సూదితో గుచ్చారు. నెత్తురు చిమ్మింది గాని నొప్పి కలగలేదు. తనకూ ఆ వ్యాధి సోకిందని, భార్యాబిడ్డలకు దూరం కావలసివస్తుందని రాత్రంతా కుమిలిపోయారు. తెల్లవారి మళ్లీ గుచ్చుకోగా బాధతో కేక వేశారు. చాలాసేపు కదలక కూర్చున్నందున నాడి తిమ్మిరెక్కింది, అంతే. నొప్పి కలిగినందుకు ఆనందించిన వైద్యుడు ఆయన.

1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లారు. మధుమేహం వల్ల పాదస్పర్శ కోల్పోయినవారి పుండ్లకూ వేలూరులో నేర్చిన పద్ధతులనే అక్కడ ప్రయోగించి, ఎందరి కాళ్లనో తొలగించకుండా కాపాడారు. 2003 జూలై 8న సియాటిల్‌లో పరమపదించారు.